నక్షత్రకుడి పక్షాన

హరిశ్చంద్ర నాటకం చూసి కళ్ళు తుడుచుకోని వాళ్ళుండరు. చంద్రమతి కోసం ఏడుస్తాం, లోహితుడి కోసం ఏడుస్తాం, కాటికాపరి హరిశ్చంద్రుడి కోసం సరేసరి. నక్షత్రకుడి కోసం ఒక్క బొట్టు కార్చిన మనిషిని మాత్రం నేనింతవరకూ చూడలేదు. పైగా ఎవరైనా వెంటపడి విసిగిస్తే "నక్షత్రకుడిలా దాపురించావేమిటి?" అని తిడతాం కూడాను. పాపం ఆయన చేసిన నేరమేమిటి? బాకీ రావలసింది విశ్వామిత్రుడికి. ఇవ్వవలసింది హరిశ్చంద్రుడు. మధ్యన ఈయనకి ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. గురువుగారు వసూలు చేసుకు రమ్మన్నారు, బయల్దేరాడు. అదే ఎండలో, అదే అడవిలో, వాళ్ళతో పాటు కాశీ దాకా తనూ నడిచాడు.

ఈ వకాల్తా నేనెందుకు పుచ్చుకున్నానంటే, దాదాపు మూడేళ్ళపాటు ఆ వేషం వేశాను గనక.

అశోక్‌నగర్‌లో మా మామగారు కట్టించిన ఇంట్లో నాలుగు వాటాలుండేవి. ఒకదాంట్లో మేము, మిగతా మూడూ అద్దెకి. ఆయన పోయాక ఆ అద్దెలు మా అత్తగారివి. "ఇంటిఖర్చు అబ్బాయి జీతంలో చూసుకోండి, ఇవి మాత్రం నావి" అని మొదటే చెప్పేశారు. అప్పట్లో నాకది కాస్త చాదస్తంగానే తోచింది. ఇప్పుడు ఆ వయసు నాకూ వచ్చింది కనక తోచడం లేదు. కొడుకు ఎంత మంచివాడైనా, మందుబిళ్ళలకీ గుడిలో పళ్ళెంలో వేసే పావలాకీ చెయ్యి చాపనక్కర్లేని బతుకు వేరు. ఆ అద్దెల్లోంచే ప్రతి నెలా ఇరవై రూపాయలు తెనాలిలో ఉన్న చెల్లెలికి మనియార్డరు చేసేవారు. ఆవిడా విధవరాలే, పిల్లలు లేరు. ఆ ఇరవై వెళ్ళేది వెనక వాటా తొంభై రూపాయల్లోంచి.

వెనక వాటాలో ఉండేది రైల్వే ఉద్యోగి. సికింద్రాబాద్‌లో గుమాస్తా. భార్య కాజీపేట అమ్మాయి, ఇద్దరు పిల్లలు. రైల్వే ఉద్యోగం అనగానే మా అత్తగారు ఇంకో మాట అడక్కుండా తాళంచెవి ఇచ్చారు. ఒకటో తారీఖున జీతం తప్పదు, ఇల్లు ఖాళీ చేసి రాత్రికి రాత్రి పారిపోడు, ఇంకేం కావాలి? అద్దెకిచ్చేవాళ్ళంతా అలాగే అనుకునే రోజులవి.

1974 జనవరి అద్దె రాలేదు. చెల్లెలి పెళ్ళి చేశాను, వచ్చే నెల రెండూ కలిపి ఇస్తానన్నాడు. ఫిబ్రవరిలో పిల్లాడికి టైఫాయిడ్. మార్చిలో ఏ కారణమూ చెప్పలేదు, కనిపించడం మానేశాడు. తెల్లవారకుండా వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఇక్కడొక సంగతి చెప్పాలి. అద్దె బాకీ పడేది మగవాడు, మొహం చాటెయ్యగలిగేదీ మగవాడే. ఆడది ఎక్కడికి పోతుంది? కుళాయి పెరట్లో ఉంది. తెల్లవారుఝామున నీళ్ళొచ్చే గంటలో మా ఇద్దరి బిందెలూ పక్కపక్కనే ఉండాలి. ఆ అమ్మాయి బిందె నిండుతున్నంతసేపూ నీళ్ళకేసే చూసేది, నేను గోడకేసి చూసేదాన్ని. ఋణం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు పురాణాలేవీ గుర్తు రావు, ఆ బిందె నిండే చప్పుడే గుర్తొస్తుంది.

ఏప్రిల్లో మా అత్తగారు నన్ను పిలిచి, "అమ్మాయ్, ఇంగ్లీషులో ఓ ఉత్తరం రాసిపెట్టు. వాళ్ళ ఆఫీసరుకి" అన్నారు. ఎవరో చెప్పారట, రైల్వే వాళ్ళు అలవాటుగా అప్పులపాలు కాకూడదని వాళ్ళ నియమాల్లోనే ఉందని. నిజంగానే ఉంది. 1966 నాటి ప్రవర్తనా నియమావళిలో ఆ మాట స్పష్టంగా రాసి ఉంది. మా వారు వినగానే కస్సుమన్నారు. "మనిషి కష్టంలో ఉంటే పై ఆఫీసరుకి చాడీ రాయడమా?" అన్నారు. ఆయన ఆఫీసుకి వెళ్ళాక రాశాను. నా చేతిరాత మీద నాకు కాస్త గర్వం, దాచుకోవడం ఎందుకు? మూడు నెలల అద్దె, రెండువందల డెబ్భై, పెద్దదిక్కు లేని వితంతువు, తగిన చర్య తీసుకోగలరు అంటూ వంకరలేని అక్షరాలతో ఒక పేజీ నింపాను. కింద అత్తగారు తెలుగులో సంతకం పెట్టారు. చిక్కడపల్లి వెళ్ళి పోస్టులో వేసింది కూడా నేనే.

మే 8న రైల్వే సమ్మె మొదలయింది.

ఆ సమ్మె సంగతి ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. దేశం మొత్తమ్మీద దాదాపు 17 లక్షల మంది పని మానేశారని చెబుతారు. రోజుకి ఎనిమిది గంటల పని, బోనస్, ప్రభుత్వరంగ సంస్థల్లో ఇచ్చేపాటి జీతాలు — ముఖ్యంగా ఇవీ వాళ్ళు అడిగినవి. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ని సమ్మెకి ముందే, మే 2న అరెస్టు చేశారు. ఇరవై రోజులు సాగి, మే 27న విరమించారు. అడిగింది ఏదీ చేతికి రాలేదు. వేలమంది జైలుకెళ్ళారు, వేలమందికి ఉద్యోగాలు పోయాయి. చాలాచోట్ల క్వార్టర్లలోంచి సామాన్లు వీధిలో పడేశారు. మా వాళ్ళు కాచిగూడ రైలు కూతని బట్టి పొద్దున్న పాలు కాచుకునేవారు. ఆ మూడు వారాలూ కూతలు బాగా పలచబడ్డాయి. మా వెనక వాటా ఆయన సమ్మెలోకి వెళ్ళాడు. రెండు రాత్రులు పోలీసులు వచ్చి తలుపు కొట్టారు. ఆయన ఇంట్లో లేడు. ఎక్కడున్నాడో ఆ అమ్మాయికీ తెలీదు, లేక తెలిసీ చెప్పలేదు.

జూన్లో ఒకరోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి ఒక కవరు పట్టుకుని మా వంటింటి గుమ్మంలోకొచ్చింది. "అక్కా, గిది జర సదివి చెప్పవా? ఆయన ఇంట్ల లేడు, నాకు దమ్ము ఆగుతలేదు" అంది. విప్పాను. ఉద్యోగంలోంచి తీసేశారు. 1968 నాటి క్రమశిక్షణ నియమాల్లో 14వది ఒకటుంది, విచారణ జరపడం సాధ్యం కాదనుకుంటే జరపకుండానే తీసెయ్యవచ్చని. ఆ ఏడు ఎంతోమంది మీద వాడింది దాన్నే. ఆ అమ్మాయి నా మొహంకేసి చూస్తూ నిలబడింది. నేను ఆ కాగితాన్ని రెండుసార్లు, మూడుసార్లు చదివాను. ఎందుకో తెలుసా? అందులో "అప్పు" అనే మాట ఎక్కడైనా ఉందేమోనని. లేదు. నా ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడ్డ ప్రాణంతోనే, "ఉద్యోగం తీసేశారమ్మా" అని చెప్పాను.

ఆ క్షణం గురించి నేనెవరికీ చెప్పలేదు. ఆ కాగితంలో లేకపోతే మాత్రమేం? పేర్ల జాబితా వేసేటప్పుడు ఏ బల్ల ముందో కూర్చున్న మనిషి, "ఇతగాడేనా, మొన్న ఇంటావిడ ఫిర్యాదు చేసింది?" అనుకుని ఉండడని ఎవరు చెప్పగలరు? అనుకున్నాడనీ ఎవరూ చెప్పలేరు.

ఆ వేసవి మా ఇంట్లో రోజూ వాదనే. మా వారు సమ్మెవాళ్ళ పక్షం. న్యాయం కోసం నిలబడ్డవాణ్ణి అద్దె కోసం పీడించడం పాపమనేవారు. ఒకరోజు మా అత్తగారు బియ్యంలో రాళ్ళేరుతూ, తలెత్తకుండా, "నీ సానుభూతి నీ జేబులోంచి ఇయ్యరా. నా అద్దెలోంచి ఇవ్వకు" అన్నారు. ఆయన మారు మాట్లాడలేదు. జేబులోంచీ తియ్యలేదు.

అద్దె చట్టంలో ఒక మాట ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం ప్రకారం అద్దె కట్టనివాణ్ణి ఖాళీ చేయించమని కోరవచ్చు. కాని ఆ ఎగవేత కావాలని చేసింది కాదని అధికారికి నమ్మకం కలిగితే, బాకీ తీర్చడానికి పదిహేను రోజుల దాకా గడువివ్వవచ్చు. "కావాలని" అన్న ఆ ఒక్కమాట దగ్గర నేను చాలా ఏళ్ళు ఆగిపోయాను. ఆయన అద్దె కావాలని ఎగ్గొట్టలేదు, అది ఒప్పుకుంటాను. కాని సమ్మె కావాలనే చేశాడుగా? జీతం రాదని తెలిసే చేశాడు. తన జీతాన్ని తను పణంగా పెట్టుకునే హక్కు ఆయనకుంది, అలా పెట్టినందుకు నమస్కారం చేయవలసిందే. అయితే ఆ జీతంలో మా అత్తగారి తొంభై ఉంది. ఆ తొంభైలో తెనాలి పిన్నిగారి ఇరవై ఉంది. ఆ వేసవిలో మనియార్డరు ఆగిపోయింది. ఆవిడ పాలవాడికి చెప్పి పావుశేరు మాన్పించుకుందని తర్వాతెప్పుడో తెలిసింది. దేశంలో ఎవరికీ తెలియకుండా ఆ సమ్మె ఖర్చులో ఆవిడ పాలూ కలిశాయన్నమాట. రెండు అర్థాల్లోనూ.

పోనీ, ఇతరులకి బాకీ ఉన్నవాడు న్యాయం కోసం పోరాడకూడదందామా? అలా అంటే ఇక పోరాడేవాళ్ళెవరు మిగులుతారు? బాకీ లేనివాడికి పోరాడవలసిన అవసరమే ఉండదాయె. 1979లో రైల్వే వాళ్ళకి బోనస్ వచ్చింది. సమ్మె చేసినవాళ్ళకీ వచ్చింది, చెయ్యనివాళ్ళకీ వచ్చింది. ఆ బోనస్‌తో చీరలు కొనుక్కున్న ఇల్లాళ్ళలో తెనాలిలో ఒక ముసలావిడ గురించి విన్నవాళ్ళెవరు? ఈ లెక్క ఎటునుంచి వేసినా నాకు కుదరదు. కుదిరినట్టు చెప్పేవాళ్ళని చూస్తే కాస్త అనుమానం కూడాను.

ఆగస్టు నెలాఖరుకి వాళ్ళు ఖాళీ చేసి నారాయణగూడలో ఒక్కగది ఇంట్లోకి మారారు. ఎనిమిది నెలల అద్దె ఏడువందల ఇరవై. తీసుకున్న అడ్వాన్సు తొంభై పోను ఆరువందల ముప్ఫై. సామాన్లు రిక్షాలో కెక్కుతుంటే పక్కింటాయన గోడ మీంచి, "కుట్టు మిషనూ, ఇత్తడి గుండిగా ఆపెయ్యండి పిన్నిగారూ" అని సలహా ఇచ్చాడు. అలా ఆపెయ్యడం అప్పట్లో మామూలే. మా అత్తగారు, "మిషను ఆపితే నా బాకీ ఎక్కణ్ణించి తీరుస్తుంది నాయనా?" అన్నారు. దయో, వ్యవహారమో నాకిప్పటికీ తెలీదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చూస్తే అదీ అదే మాట అంటుంది. డిక్రీ వచ్చినా సరే, బాకీదారు ఒంటిమీది బట్టలు, వంట గిన్నెలు, పక్కబట్టలు, చేతిపని వాళ్ళ పనిముట్లు జప్తు చెయ్యకూడదు. ఆచారం ప్రకారం ఆడది ఒంటిమీంచి తియ్యకూడని నగలు కూడా ముట్టుకోకూడదు. అంటే మంగళసూత్రం. జీతమైతే ఇప్పటి లెక్కలో మొదటి వెయ్యీ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ వదిలెయ్యాలి. చట్టం రాసినవాడెవడో గాని అప్పులవాడి ఇంట్లోకి ఒకసారి తొంగిచూసినవాడే. హరిశ్చంద్రుడికి ఆ సెక్షన్ లేకపోబట్టే చంద్రమతిని కాలకౌశికుడికి అమ్మవలసి వచ్చింది.

కోర్టుకి వెళ్ళడం మా అత్తగారికి ఇష్టం లేదు. వకీలు ఫీజు బాకీని మింగేస్తుందని ఆవిడ లెక్క. అద్దె బాకీకి మూడేళ్ళు దాటితే దావా చెల్లదని తెలిసీ వెళ్ళలేదు. బదులుగా నన్ను పంపించారు. ప్రతి నెలా పదో తారీఖు దాటాక అశోక్‌నగర్ నుంచి బయల్దేరి, చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర ఒక దండం పెట్టి, మెయిన్ రోడ్డు పట్టుకుని నారాయణగూడ చౌరస్తా దాకా నడిచేదాన్ని. ఇప్పుడు మెట్రోలో చిక్కడపల్లి తర్వాత స్టేషనే నారాయణగూడ, తలుపులు మూసుకుని తెరుచుకునేలోగా వచ్చేస్తుంది. ఆ రోజుల్లో నా కాళ్ళకి అది కాశీ దూరమే. దణ్ణం దేనికి పెట్టానో స్వామికే తెలియాలి. ఆవిడ డబ్బు ఇవ్వాలనో, ఆవిడ ఇంట్లో ఉండకూడదనో.

ఒకసారి ఉండబట్టలేక, "అత్తయ్యా, వదిలేద్దామండీ, వాళ్ళ పరిస్థితి చూస్తుంటే అడగబుద్ధి కావడం లేదు" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "అడగడం మానేస్తే అది బాకీ కాకుండా పోతుంది, ముష్టి అవుతుంది. ఆ పిల్లకి ముష్టి వెయ్యమంటావా?" అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ పిల్ల కూడా ముష్టి పుచ్చుకునే రకం కాదు మరి. మార్కెట్ వెనక గదిలో మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టేది. నేను గుమ్మంలో కనపడగానే లేచి, పీట వేసి, గూట్లోంచి డబ్బా తీసి ఐదో, పదో లెక్కపెట్టి ఇచ్చేది. లేని నెల "గీ నెల లేవక్కా" అనేది తప్ప ఒక కారణం చెప్పేది కాదు. మొగుడు చెప్పిన కారణాలన్నిటికన్నా ఆ మాట నయంగా ఉండేది.

అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. నా జాకెట్లు, మా ఆడపడుచు జాకెట్లు, ఎదురింటివాళ్ళ జాకెట్లు తీసుకెళ్ళి ఆ అమ్మాయికే ఇవ్వడం మొదలుపెట్టాను. కూలి డబ్బులు నేనిచ్చేదాన్ని. ఆ అమ్మాయి అవే డబ్బులు బాకీ కింద తిరిగి నా చేతిలో పెట్టేది. నేను వాటిని తెచ్చి అత్తగారికిచ్చి నోటుబుక్కులో జమ రాయించేదాన్ని. ఆరునెలలు బాగానే సాగింది. ఒకరోజు ఆవిడ బీరువాలో నా జాకెట్ల దొంతర చూసి, "నా కొడుకు జీతంతో నా బాకీ నాకే తీరుస్తున్నావటే?" అన్నారు. నవ్వారో కోప్పడ్డారో కాని, ఆ జమలు మాత్రం కొట్టెయ్యలేదు. నిజానికి ఎవరి బాకీ ఎవరు తీర్చినట్టు? ఆయన చేసిన సమ్మెకి ఆవిడ కుట్టింది, నేను తొడుక్కున్నాను, మా వారు ఇచ్చారు, అత్తగారు పుచ్చుకున్నారు. ఎట్టకేలకు మా వారి జేబులోంచి కాస్త సానుభూతి బయటికి వచ్చిందనుకోండి, ఆయనకి తెలియకుండా.

ఈ మధ్యలోనే ఇంకొకటి కూడా రాశాను. ఉద్యోగం తిరిగి ఇమ్మని అప్పీలు. ఆ అమ్మాయే అడిగింది, "మంచిగ రాస్తవు గదా అక్కా" అని. ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే నాలుగు పేజీలు రాశాను. భార్యా పిల్లలున్నవాడు, నిజాయితీపరుడు, ఇన్నేళ్ళ సర్వీసులో మచ్చలేనివాడు. రాస్తూంటే చెయ్యి ఒక్కసారి ఆగింది. అదే ఆఫీసు, అదే ఫైలు, అవే వంకరలేని అక్షరాలు. ఒక కాగితంలో తగిన చర్య తీసుకోగలరు, ఇంకో కాగితంలో దయతలచగలరు. ఫైలు తిప్పే గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏమనుకుంటాడు? చెయ్యి మార్చి రాయవచ్చు కదా అనిపించింది. వంకరగా రాయడం నాకు రాలేదు.

1977లో ప్రభుత్వం మారి జనతావాళ్ళు వచ్చారు. సమ్మెలో పోయిన ఉద్యోగాలు తిరిగి ఇచ్చారు. ఆయనకీ వచ్చింది, నా అప్పీలు వల్ల కాదు లెండి. ఆ ఏడే రెండు దఫాలుగా నాలుగు వందలు తెచ్చి మా అత్తగారి చేతిలో పెట్టాడు. అప్పటిదాకా నేను తిరిగి వసూలు చేసింది రెండువందల పన్నెండు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని నోట్లు లెక్కపెట్టి, రాసుకుని, "ఇంకా పద్ధెనిమిది" అన్నారు. ఆయన "ఇస్తానండీ" అన్నాడు. వడ్డీ మాట ఎవరూ ఎత్తలేదు. తెనాలి పిన్నిగారు ఆ ముందు సంవత్సరమే పోయారు.

వాళ్ళు కాజీపేట వెళ్ళిపోయే ముందు ఆ అమ్మాయి కడసారిగా నాకొక జాకెట్టు కుట్టి తెచ్చింది. కూలి ఇవ్వబోతే వద్దంది. అక్కడే మెట్ల మీద కూర్చుని కాసేపు మాట్లాడాం. పిల్లల చదువులు, అక్కడి నీళ్ళు, అవీ ఇవీ. లేచేటప్పుడు కొంగు సవరించుకుంటూ, "అక్కా, నీ ఇంగ్లీషు రాత ఆయనకు మస్తు యాదికున్నది. ఎక్కడ జూసినా గుర్తువడ్తనంటడు" అంది.

నేను అప్పీలు గురించే అనుకున్నాను. అలాగే అనుకోవాలని నిశ్చయించుకున్నాను కూడా. ఆ అమ్మాయి మాత్రం నా మొహంకేసి చూస్తూనే ఉంది, ఆ రోజు కవరు చదివించుకున్నప్పుడు చూసినట్టే. ఆ తర్వాత నవ్వి, పిల్లల్ని పిలుచుకుని వెళ్ళిపోయింది.

అత్తగారు పోయాక ఆవిడ పెట్టె సర్దుతుంటే ఆ నోటుబుక్కు దొరికింది. వెనక వాటా పేజీ చివర పద్ధెనిమిది అనే అంకె అలాగే ఉంది. మా అబ్బాయి ఆ ఇల్లు పడగొట్టించి కట్టిన మేడలో ఇప్పుడు గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలుంటున్నారు. అశోక్‌నగర్ అంతా వాళ్ళే. పొద్దున్నే పుస్తకాలు చంకన పెట్టుకుని సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతారు. మూడో అంతస్తులో ఒక అమ్మాయిది రెండు నెలల అద్దె రావాలి. నోటిఫికేషన్ వాయిదా పడిందట, ఇంట్లో అడగలేనంటోంది. మా కోడలు ఫోన్లో ఏదో గట్టిగా టైపు చేస్తుంటే, ఎవరికే అని అడిగాను. "ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకి అత్తయ్యా" అంది.

ఫోను ఇలా ఇచ్చి, నన్ను కాస్త మూడో అంతస్తు ఎక్కించమన్నాను.